వందన సమర్పణ చేయబోయే జానపద గాయకులకు ఒక మనవి

జానపద గాయకులకు పాట వచ్చు. కాదనే సాహసం ఎవరికీ లేదు. వారికి చేతకానిదల్లా వందన సమర్పణ. సన్మానం ముగిసి మైకు చేతికి అందిన మరుక్షణం, పాట నేర్పిన నాయనమ్మతో మొదలుపెట్టి, వాయిద్యానికి కర్ర చెక్కిపెట్టిన మనిషినీ, ఇన్నేళ్ళూ వెనక నిలబడి వంతపాడిన వారినీ పేరుపేరునా తలచుకుంటూ పోతారు. ఇచ్చిన మూడు నిమిషాలూ అక్కడికే సరిపోతాయి. పాటను సేకరించినవారు, రికార్డు చేసినవారు, హక్కులు రాయించుకున్నవారు ముందు వరుసలో మెడలు సాచి కూర్చుని, తమ పేరు వినకుండానే ఇళ్ళకు వెళ్ళవలసివస్తుంది. కృతజ్ఞతకు ఒక క్రమం ఉందని, అది పాట ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిని బట్టి కాక డబ్బు ఎక్కడికి వెళ్ళిందన్న దానిని బట్టి నడుస్తుందని వారికి ఎవరో ఒకరు చెప్పాలి కనుక, ఆ బాధ్యతను నేను నెత్తిన వేసుకుంటున్నాను.

ఈ విద్యలో ఆదర్శంగా తీసుకోదగ్గ ప్రదర్శన 1935లో అమెరికాలో జరిగింది. లెడ్ బెల్లీగా ప్రసిద్ధులైన జానపద గాయకులు హడీ లెడ్‌బెటర్ లూసియానాలోని అంగోలా జైలులో ఖైదీగా ఉండగా, 1933లో పాటల సేకరణకు వచ్చిన జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు ఆలన్ ఆ గొంతును రికార్డు చేసుకున్నారు. మరుసటి ఏడు విడుదలైన లెడ్‌బెటర్, పెద్ద లోమాక్స్ గారి కారు నడుపుతూ, ఆయన ఉపన్యాసాలలో పాడుతూ ఊరూరా తిరిగారు. ఈ వృత్తాంతాన్ని ఒక వార్తాచిత్రం కోసం వారిద్దరి చేతనే మళ్ళీ నటింపజేశారు. అందులో గాయకుడు దొరగారికి పదేపదే ధన్యవాదాలు చెప్పుకుని, దేశమంతటా కారు నడిపిస్తానని, తాను వెంట ఉండగా బూట్ల తాళ్ళు కట్టుకునే శ్రమ కూడా ఆయనకు ఉండదని మాట ఇస్తారు. కృతజ్ఞత అంటే ఇలా ఉండాలి: ఎవరో ముందుగా రాసిపెట్టాలి, కెమెరా ఎదురుగా ఉండాలి. ఒప్పందం ప్రకారం రాబడిలో మూడింట రెండు వంతులు తండ్రీకొడుకులవి, ఒక వంతు పాడినవారిది. కొద్ది కాలానికే వారు విడిపోయారని, రావలసిన డబ్బు కోసం గాయకుడు న్యాయవాదిని ఆశ్రయించారని వార్తాచిత్రంలో చేర్చే వీలు లేకపోయింది.

ఆయన 1949 డిసెంబరులో కన్నుమూశారు. బంధువుల్లో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకుని ఆయన పాడుతూ వచ్చిన ‘గుడ్‌నైట్ ఐరీన్’ ఆ మరుసటి ఏడే వీవర్స్ బృందం గొంతులో అమెరికా పాటల ఆదరణ జాబితాలలో 13 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. హక్కులలో ఆయన పేరు పక్కన లోమాక్స్ గారి పేరు ఉంది. నేర్పిన పెద్దాయన పేరు లేదు. ఆయన దగ్గర రికార్డింగ్ యంత్రం లేదు మరి.

అయినా ఇక్కడ పాడినవారి పేరైనా మిగిలింది. గాయకులు సాలమన్ లిండా 1939లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో తన బృందంతో ‘మ్బూబే’ రికార్డు చేసి, హక్కులను 10 షిల్లింగులకు వదులుకున్నారు. ఆ రికార్డు అమెరికాలో ఆలన్ లోమాక్స్ ద్వారా (అవును, ఆ కుమారుడే) జానపద గాయకులు పీట్ సీగర్ చేతికి చేరింది. సీగర్ సభ్యులుగా ఉన్న వీవర్స్ బృందం దానిని పాడినప్పుడు కర్త స్థానంలో అచ్చయిన పేరు పాల్ క్యాంప్‌బెల్. ఈ క్యాంప్‌బెల్ గారిని కలిసి కృతజ్ఞతలు చెప్పుకోవడం ఎవరికీ సాధ్యపడదు. రాబడి వసూలు కోసం కల్పించిన పేరు తప్ప అలాంటి మనిషి లేరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మనం సామెతగా చెప్పుకుంటాం గాని, ఇక్కడ అల్లుడే లేడు. సీగర్ తరువాత లిండాకు వెయ్యి డాలర్లు పంపారని చెప్పకుండా దాటవేయడం మాత్రం న్యాయం కాదు. ఆ బాణీ మీదనే 1961లో ‘ది లయన్ స్లీప్స్ టునైట్’ వచ్చి లోకమంతా మోగింది. లిండా 1962లో పేదగానే పోయారు. వారసులకు పరిహారం మీద రాజీ కుదిరింది 2006లో. మరణించిన 44 ఏళ్ళకు గాని కృతజ్ఞత చెప్పుకునే అవకాశం రాని గాయకుణ్ణి కృతఘ్నుడని నిందించడం ఎంత పొరపాటో విజ్ఞులు గ్రహించాలి.

ఇక గాయకులు ఎన్నడూ మరువకూడని వారు, తమను ‘కనుగొన్న’ వారు. మామూలు మనుషులు పుడతారు, జానపద గాయకులు కనుగొనబడతారు. ఉత్తర కరొలైనాలో పుట్టిన ఎలిజబెత్ కాటన్ సంగతే చూడండి. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చే గొడవ లేకుండా వాయిద్యాన్నే తలకిందులుగా పట్టుకుని, బొటనవేలితో పాట, మిగతా వేళ్ళతో మంద్రస్వరాలు పలికించడం తనకు తానే నేర్చుకున్నారు. ‘ఫ్రెయిట్ ట్రైన్’ కట్టేనాటికి ఆమె ఇంకా చిన్నపిల్ల. చర్చి పెద్దలు ఇవి లౌకికమైన పాటలని అభ్యంతరం చెప్పడంతో గిటారు పక్కన పెట్టేశారు. అలా దశాబ్దాల పాటు ఆ విద్యను అరగనివ్వకుండా కాపాడినందుకు వారికి కూడా ఒక దండ సిద్ధం చేయించడం మర్యాద. తరువాత వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా, తల్లి నుంచి తప్పిపోయిన ఒక చిన్నపిల్ల ఆమె కంటపడింది. ఆ పిల్లను తీసుకువెళ్ళి తల్లికి అప్పగించారు. పిల్ల పేరు పెగ్గీ సీగర్, పైన చెప్పిన పీట్ గారి సవతి చెల్లెలు. ఆ పరిచయంతోనే ఆమె సీగర్ల ఇంట్లో పనికి కుదిరి, కొన్నేళ్ళకు వారి గోడకు వేలాడుతున్న గిటారును దించి వాయిస్తూ దొరికిపోయారు. సంగీత చరిత్ర ఈ ఘట్టాన్ని ‘సీగర్ కుటుంబం కాటన్‌ను కనుగొన్నది’ అని నమోదు చేసింది. తప్పిపోయింది ఎవరు, కనుగొన్నది ఎవరు అని అడిగే అల్పబుద్ధులు ప్రతి చోటా ఉంటారు.

ఆ కుటుంబం ఆమెకు మేలు చేసిన మాట నిజం. 1958లో వచ్చిన ఆమె తొలి రికార్డు ఆ ఇంటి అబ్బాయి మైక్ చేసిందే. ‘ఫ్రెయిట్ ట్రైన్’ మాత్రం అంతకు ముందే పెగ్గీ గొంతులో ఇంగ్లండుకు వెళ్ళి, అక్కడ ఇద్దరు పెద్దమనుషుల పేరు మీద హక్కులు సంపాదించుకుంది. కన్నతల్లి పేరు దాని పక్కకు చేరడానికి పోరాటం కావలసి వచ్చింది. 1985లో, తొంభై దాటిన వయసులో, ఆమెకు గ్రామీ పురస్కారం అందింది.

నా సూచనల ప్రకారం ఆమె ఆనాడు చర్చి పెద్దలకు, దుకాణం యజమానికి, గోడకు మేకు కొట్టినవారికి, ఇంగ్లండులోని ఇద్దరు పెద్దమనుషులకు అదే వరుసలో వందనాలు సమర్పించి ఉండవలసింది. ఆమె సొంత అన్నగారి ప్రస్తావన అవసరం లేదు. ఆయన చేసిందల్లా రోజూ పనికి వెళుతూ తన బాంజోను ఇంట్లో, చెల్లెలి చేతికి అందేచోట వదిలి వెళ్ళడమే.