వంటింటి యంత్రాల లెక్క సింకు దగ్గరే తేలుతుంది

వంటింట్లోకి కొత్త యంత్రం వచ్చిన మొదటి వారం ఇంటిల్లిపాదికీ దాని మీదే ధ్యాస. రెండో నెల గడిచేసరికి అది గట్టు మీద నుంచి అరలోకి, అరలో నుంచి అటక మీదికి చేరుతుంది. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్న సామెతను గుర్తుచేసి, ఈ వ్యవహారమంతటినీ మనుషుల చపలత్వం కింద జమకట్టేయడం తేలిక. అది న్యాయం కాదని నా అభిప్రాయం. కొనేవారిలో చాలామంది విలాసం కోసం కొనరు. ఏ రోజూ సెలవు లేని పనిలో, పొయ్యి దగ్గర నిలబడి నిలబడి కాళ్లు లాగే సాయంత్రాల్లో, ఉద్యోగం నుంచి వచ్చాక మళ్లీ మొదలయ్యే రెండో డ్యూటీలో ఒక్క అరగంటైనా మిగులుతుందన్న ఆశతో కొంటారు. ఆ ఆశలో తప్పేమీ లేదు. పొరపాటు జరిగేది ఆ అరగంటను లెక్కపెట్టే పద్ధతిలో.

మా ఇంట్లో కూరగాయలు తరిగే యంత్రం ఒకటి కొన్నాళ్లు ఉండేది. నాలుగు ఉల్లిపాయలను పది సెకన్లలో తరిగిపెట్టేది; ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ పది సెకన్లకు ముందు దానిని అరలో నుంచి దించాలి, ప్లగ్గు ఖాళీ చేయాలి, ఉల్లిపాయలను పొట్టు తీసి, జారులో పట్టేటట్టు కత్తితోనే చెక్కలు చేయాలి. ఆ తర్వాత జారు, మూత, బ్లేడు విడివిడిగా కడగాలి. మూత అంచున ఉన్న రబ్బరు వాషరును ఊడదీయకపోతే దాని కింద ఇరుక్కున్న ముక్కలు మర్నాటికి వాసన కొడతాయి. ఊడదీస్తే, తడి ఆరాక దానిని మళ్లీ గాడిలో కూర్చోబెట్టే ఓపిక ఉండాలి. కత్తికీ బోర్డుకూ ఈ బాధ లేదు, నీళ్ల కింద ఒకసారి పెట్టి రుద్ది తుడిస్తే సరిపోతుంది. ముగ్గురికి వండుకునే రోజున ఆ యంత్రం మాకు ఒక్క నిమిషం కూడా మిగల్చలేదు. ఇరవై మంది భోజనానికి వచ్చిన రోజున మాత్రం నిజంగానే ఆదుకుంది. అటువంటి రోజులు ఏడాదికి రెండో మూడో.

అమ్మేవారు చూపించేది ఆ నడిమి పది సెకన్లనే. ప్రదర్శనలో కూరగాయలు ముందే కడిగి, ఒలిచి, గిన్నెల్లో సిద్ధంగా ఉంటాయి. జారు కడగడం ఎవరూ చూపించరు. యంత్రం చేసేదే మొత్తం పని అని చూసేవారికి అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ లెక్క తప్పడం ఇవాళ్టిది కాదు. అమెరికాలో ఉద్యోగం చేయని గృహిణులు ఇంటిపనికి వెచ్చించే సమయాన్ని సామాజిక శాస్త్రవేత్త జోఆన్ వానెక్ పరిశీలించి 1974లో ప్రచురించారు. 1920లలో వారానికి దాదాపు 52 గంటలు పట్టిన ఆ పనికి 1960లలో దాదాపు 55 గంటలు పట్టింది. నడుమ ఆ ఇళ్లలోకి రిఫ్రిజిరేటరు, వాషింగ్ మెషీను, వాక్యూం క్లీనరు అన్నీ వచ్చాయి. పని బరువు తగ్గిన మాట వాస్తవమే. చేతులు ఒరుసుకుపోయేలా బట్టలు ఉతికినవారెవరూ ఆ మార్పును చిన్నచూపు చూడరు. కానీ ఉతకడం తేలికయ్యాక బట్టలు తరచుగా మార్చడం అలవాటైంది, ఇల్లు ఎంత శుభ్రంగా ఉండాలన్న పట్టింపు పెరిగింది, సరుకులకు తిరగడం, పిల్లలను తిప్పడం కొత్తగా వచ్చి చేరాయి. వంటింట్లోనూ అంతే. యంత్రం ఉన్నందుకైనా, మునుపెన్నడూ చేయని వంటకాలు చేసిపెట్టాలన్న ఒత్తిడి మొదలవుతుంది.

అలాగని యంత్రాలన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. 1955లో జపాన్‌లో తోషిబా కంపెనీ అమ్మకానికి తెచ్చిన విద్యుత్ రైస్ కుక్కరునే తీసుకుందాం. దానిని రూపొందించిన యోషితాడా మినామి భార్య ఫుమికో, ఇంట్లో మళ్లీ మళ్లీ అన్నం వండి పరీక్షించారు. వెలుపలి గిన్నెలో కొలిచి పోసిన నీరు మరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది; నీరు ఆవిరైపోగానే వేడి అంతకు మించి ఎగబాకుతుంది, ఆ వేడికి రెండు లోహాలు అతికించిన బద్ద వంగి స్విచ్చును ఆర్పేస్తుంది. ఈ కుక్కరు వచ్చినా బియ్యం కడగడం తప్పలేదు, గిన్నె తోమడం తప్పలేదు. తప్పింది కాపలా. పొయ్యి మీద ఒక కన్ను వేసి ఉంచవలసిన మనిషి గది దాటి వెళ్లగలిగింది. నా దృష్టిలో గీటురాయి ఇదే: చేతికి కొన్ని సెకన్లు మిగిల్చే యంత్రం కన్నా, ధ్యాసకు విడుదల ఇచ్చే యంత్రం ఎన్నో రెట్లు మేలు. 2010లో ఫిలిప్స్ సంస్థ పరిచయం చేసిన ఎయిర్ ఫ్రయ్యరులో ఉన్నవి ఒక హీటింగ్ కాయిలు, ఒక ఫ్యాను, ఒక చిన్న అర; వేడిగాలిని తిప్పే ఓవెనుకు అది కుదించిన రూపం. ఒకరిద్దరికి వండుకునేవారికి త్వరగా వేడెక్కే ఆ చిన్న అర సుఖమే. ఐదుగురున్న ఇంట్లో బుట్టను రెండు మూడు విడతలు నింపవలసి వస్తుంది, కాపలా మళ్లీ మొదటికొస్తుంది.

శ్రమ తగ్గించడానికి యంత్రం ఒక్కటే దారి కాదని 1926లోనే ఒకరు చేసి చూపించారు. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కొత్తగా కడుతున్న ఇళ్ల కోసం ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ రూపొందించిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. వండే మనిషి వేసే అడుగులను లెక్కలోకి తీసుకుని, సరుకుల సొరుగులు, గట్టు, సింకు అన్నిటినీ చేతికందే దూరంలో అమర్చారు. గట్టు మీద పెట్టే ప్రతి యంత్రమూ ఈ అమరికనే ముందుగా దెబ్బతీస్తుంది. అయితే ఆ గదిలో నిలబడటానికి చోటున్నది ఒక్కరికే. అది ఇల్లాలిని వంటింట్లో ఒంటరిని చేసిందని తర్వాతి తరం స్త్రీవాదులు విమర్శించారు, ఆ విమర్శ మన వంటింటి యంత్రాలకూ వర్తిస్తుంది. ఎన్నో ఇళ్లలో యంత్రం వచ్చేది రెండో మనిషి రావలసిన చోటికి. "అన్నీ కొనిపెట్టాం కదా" అన్న మాటతో సాయం చేయవలసినవారు తప్పుకుంటారు. కొనేవారు ఒకరు, కడిగేవారు మరొకరు అయినప్పుడు సింకు దగ్గర గడిచే నిమిషాలు కొన్నవారి కంట పడనే పడవు.

మా యంత్రం కథ దాని మూత దగ్గర ముగిసింది. మూతకున్న చిన్న చెవి విరిగింది. ఆ చెవి గాడిలో పడితే తప్ప లోపలి స్విచ్చు కలవదు, స్విచ్చు కలవకపోతే మోటారు తిరగదు. మూత విడిగా దొరకలేదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయని, అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. ఏ లోపమూ లేని మోటారును ఆ కుప్పలోకి పంపడానికి నాకు మనసు ఒప్పలేదు, కానీ వేరే దారీ దొరకలేదు. దాని బదులు మరొకటి కొందామా అన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. చివరికి ఇంకో కత్తి, ఇంకో బోర్డు కొన్నాం. ఇప్పుడు సాయంత్రం గట్టు దగ్గర ఇద్దరం నిలబడుతున్నాం.