ముందు వంతు కోసం

ఉగాది సంబరాలకు ముందు ఇక్కడ డల్లాస్‌లో మన తెలుగు సంఘం పిల్లలకు బాస్కెట్‌బాల్ పోటీలు పెడుతుంది కదా, ఈసారి జట్లు ఎంచుకున్న శనివారం నేను ఆ జిమ్‌లోనే ఉన్నాను. అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లాగే డ్రాఫ్ట్ పెట్టారు, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకోవడం. ఎనిమిది జట్లు, చీటీలు తీసి వరస. రెండేళ్లుగా ఆఖర్న నిలుస్తున్న మా జట్టుకు ఐదో వంతు వచ్చింది. మా కోచ్‌గారు లేచి మొదటి వంతు వచ్చినవాళ్లతో బేరం పెట్టారు. మా ఐదో వంతుతోపాటు రెండో రౌండు, మూడో రౌండు కూడా మీరే తీసుకోండి, ముందు వంతు మాకివ్వండి అన్నారు. బదులుగా మాకు దక్కినవి వాళ్ల ఆఖరి రెండు రౌండ్లు. వాళ్లు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

ఆ వంతుతో ఐదడుగుల పది అంగుళాల పిల్లవాణ్ణి తెచ్చుకున్నాం. పన్నెండేళ్లు వాడికి. ఆ తర్వాత రెండు రౌండ్లు మా బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చోవడమే. పోయినేడు మా జట్టుకి బంతి నడిపించిన కుర్రాడు గోడకానుకుని కూర్చుని, ఒక్కో పేరు చదువుతున్నప్పుడల్లా మా బల్ల వైపే చూశాడు. చివరికి వాణ్ణి తీసుకున్నది మేము వదులుకున్న రెండో రౌండు వంతుతోనే. మజ్జిగ గ్లాసులు పంచుతుంటే నా దగ్గరికొచ్చి, "అంకుల్, పోయినసారి నేను బాగా ఆడలేదా?" అని అడిగాడు. బాగా ఆడావు నాన్నా అన్నాను. మరి ఎందుకు వదిలేశారంటే ఏం చెప్పను?

పోటీల్లో ఏమైందో వచ్చినవాళ్లంతా చూశారు. పొడుగు పిల్లవాడికి బంతి అందించే చెయ్యి లేదు. అందినప్పుడు అవతలివాళ్లు ముగ్గురేసి కమ్ముకున్నారు. మూడు ఆటలూ ఓడిపోయాం. ఆఖరిది అయ్యాక వాడు వాళ్ల నాన్నగారు పిలిచినా లేవలేదు, తల వంచుకుని బెంచీ మీదే ఉండిపోయాడు. ముగ్గురి ఖరీదు ఒక్కడి నెత్తిన పెడితే ఆ వయసులో ఎలా మోస్తాడు?

ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపులో కోచ్‌గారిని సమర్థిస్తూ చాలామంది ఒకే మాట అన్నారు. 2018లో మన డల్లాస్ ఎన్‌బీఏ జట్టు మావెరిక్స్ చేసింది ఇదే కదా అని. నిజమే. 2017-18లో మావెరిక్స్ 24 గెలిచి 58 ఓడారు. ఐదో పిక్‌తో, అంటే ఐదో వంతుతో, తీసుకున్న ట్రే యంగ్‌ని, మరుసటి ఏటి మొదటి రౌండు పిక్‌ని అట్లాంటాకిచ్చి, వాళ్లు మూడో పిక్‌తో తీసుకున్న లూకా డాంచిచ్‌ని తెచ్చుకున్నారు. ఆ ఇచ్చిన పిక్ 2019లో పదోదిగా తేలింది. లూకా 2024లో జట్టును ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. మన పిల్లల గదుల్లో అతని 77 నంబరు జెర్సీలు ఇంకా వేలాడుతున్నాయి. దీన్ని కాదనను.

కానీ దానికి సరిగ్గా ఏడాది ముందు ఫిలడెల్ఫియా కూడా ఇంచుమించు ఇదే ధర పెట్టింది. 28 గెలుపుల జట్టు, చేతిలో మూడో పిక్. దాంతోపాటు ఇంకో మొదటి రౌండు పిక్ బోస్టన్‌కిచ్చి మొదటి పిక్ కొనుక్కుంది. మార్కెల్ ఫుల్ట్జ్‌ని తీసుకుంది. భుజం ఇబ్బంది పెట్టింది, షాట్ పాడైపోయింది. ఆ జట్టుకి 33 ఆటలు ఆడాక 2019 ఫిబ్రవరిలో ఒర్లాండోకి పంపేశారు. వెనక్కి జరిగిన బోస్టన్ ఆ మూడో పిక్‌తో తీసుకున్నది జేసన్ టేటమ్‌ని. 2024 ఫైనల్స్‌లో లూకాని 4-1తో ఓడించిన జట్టు అదే. ముందుకెళ్లినవాళ్లూ వెనక్కి జరిగినవాళ్లూ ఒకే మైదానంలో నిలబడ్డారు. ఎవరు గెలిచారో మనమంతా టీవీ ముందు కూర్చుని చూశాం.

మా అమ్మ తెనాలిలో ఇరవై మందితో లక్ష రూపాయల చీటీ నడిపేది. నెలకి ఐదు వేలు. పాట రోజు సాయంత్రం వరండాలో చాప, గళ్ల నోటుపుస్తకం, స్టీలు గ్లాసుల్లో కాఫీ. మొదటి నెలల్లో లక్షని డెబ్బై ఐదు వేలకే పాడుకుని ఎత్తుకుపోయేవాళ్లు ఉండేవారు. పాతిక వేలు నష్టం, పైగా మిగిలిన నెలలన్నీ కడుతూనే ఉండాలి. అమ్మ వాళ్లని ఒక్కటే అడిగేది: "డబ్బు చేతికొస్తే దేనికమ్మా?" స్థలం రిజిస్ట్రేషనుకి రోజు కుదిరిందనో, పిల్ల పెళ్లి ముహూర్తం పెట్టుకున్నామనో అంటే సరేననేది. జవాబు లేనివాళ్లని ఇంకో రెండు నెలలు ఆగమనేది.

కొత్తగా కట్టుకుంటున్న జట్టు దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. ఒక్క మనిషి తక్కువైన జట్టు ముందుకెళ్లి కొనుక్కుంటే అర్థముంది. ఐదుగురు తక్కువైన జట్టుకి కావలసింది ఎక్కువ వంతులు. తర్వాత లీగ్‌లోనే మేటి ఆటగాళ్లైన యానిస్ 2013లో 15వ పిక్, యోకిచ్ 2014లో 41వ పిక్. ఎవరు ఏమవుతారో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో ఆటగాళ్లని వెతికి అంచనా వేసే పెద్ద పెద్ద స్కౌట్లకే తెలియలేదు. 2025లో న్యూ ఆర్లీన్స్ 61 ఆటలు ఓడి కూడా, 23వ పిక్‌తోపాటు 2026 మొదటి రౌండు పిక్‌ని, తమదీ మిల్వాకీదీ రెండిట్లో మెరుగైనదాన్ని, ఎంత ముందు వంతుగా తేలినా తిరిగి దక్కే షరతేదీ లేకుండా అట్లాంటాకిచ్చేసి 13వ పిక్‌తో డెరిక్ క్వీన్‌ని తెచ్చుకుంది. కుర్రాడు మంచి ఆటగాడే కావచ్చు. రేపటి పంటని విత్తకముందే అమ్ముకోవడం మాత్రం నాకు తప్పుగానే కనిపిస్తుంది.

ఈ తొందర మనకెక్కడిదో నాకు తెలుసు. విజయవాడలో ఒకటో ర్యాంకు ఫొటోలతో నిలువెత్తు బోర్డులు. వాటి కిందే నేను బస్సు కోసం నిలబడేవాణ్ణి. ఆ పట్టుదలే మనల్ని ఇక్కడిదాకా తెచ్చిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మనల్ని తెచ్చింది బోర్డుల మీదకెక్కని ర్యాంకులు, పదిసార్లు వీసా ఇంటర్వ్యూలకి వెళ్లిన ఓపిక, మధ్య మధ్య ఎవరో ఒకరు ఇచ్చిన అవకాశం.

కార్యవర్గానికి నా మనవి. వచ్చే ఏడు వంతులు మార్చుకోనివ్వకండి. ఎంపిక జరిగేటప్పుడు పిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టకండి. మా పాత కుర్రాడూ ఆ పొడుగు పిల్లవాడూ ఒకే వీధిలో ఉంటారు, సాయంత్రాలు ఒకే హూప్ దగ్గర ఆడుకుంటారు. దయచేసి వాళ్లిద్దరినీ ఒక జట్టులో వెయ్యండి.