సవరణ: బోరు వేస్తే మంచినీళ్ళు వచ్చినట్టు కాదు

గ్రామ పర్యాటకం గురించి రాసిన పోస్టులో, 'అతిథుల వల్ల వచ్చే డబ్బుతో ఒక బోరు వేసి, ట్యాంకులో క్లోరిన్ కలిపితే ఊరికి తాగునీటి టెన్షన్ తీరినట్టే' అన్నాను. అది తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా పనులు మొదలుపెట్టకముందే సరిదిద్దుతున్నాను.

క్లోరిన్ చంపేది సూక్ష్మక్రిములను. నీళ్ళలో కరిగిన ఫ్లోరైడ్, ఆర్సెనిక్ దానితో పోవు. కాచినా పోవు, పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ వాటి గాఢత పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు మించకూడదు. గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే తళతళలాడే నీళ్ళలో కూడా ఇవి ఉండొచ్చు. కంటికి కనబడవు, రుచికీ తెలియవు. అందుకే ఎవరూ తాగకముందే ల్యాబ్ పరీక్ష చేయించాలి.

ఇంకో సంగతి కూడా వదిలేశాను. అతిథులు సీజన్‌లోనే వస్తారు, చేతిపంపు వాషరు మాత్రం ఎప్పుడైనా అరిగిపోతుంది. వచ్చిన ఆదాయమంతా బోరుకే ఖర్చుపెడితే, రిపేరుకు డబ్బుల్లేక ఆడవాళ్ళు మళ్ళీ బిందెలు పట్టుకుని పాత చెరువుకే నడవాలి. బస చేసిన ప్రతి అతిథి ఇచ్చిన దాంట్లో కొంత మరమ్మతులకు, పరీక్షలకు విడిగా దాచాలి. అతిథుల స్నానాలకయ్యే నీళ్ళు కూడా ఆ బోరులోవే కనుక, వాళ్ళను అడగడం న్యాయమే.