సంక్రాంతి ఖర్చు దాళ్వా పెట్టుబడిని తింటోంది

సార్వా (వానాకాలపు వరి పంట) ధాన్యం డబ్బు చేతికి రావడం, దాళ్వా (దాని తర్వాతి రెండో పంట) నాట్లకు పెట్టుబడి పెట్టవలసి రావడం, ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండుగ జరుపుకోవడం, ఈ మూడూ గోదావరి డెల్టాలో కొద్ది వారాల వ్యవధిలో ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. పండుగ తర్వాత ఇంటి ఖర్చు తగ్గించుకోవడం గురించి వచ్చే సలహాలు చాలావరకు నెల జీతం వచ్చే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆ ఇళ్లలో జనవరి చెయ్యి జారినా ఫిబ్రవరి జీతంతో ఎంతో కొంత సర్దుకోవచ్చు. భీమవరం, తణుకు, రామచంద్రపురం, అమలాపురం చుట్టుపక్కల వరి మీద బతికే ఇంటికి మాత్రం తర్వాతి రాబడి దాళ్వా కోతలయ్యాక, అంటే ఏప్రిల్, మే నెలల్లో గాని రాదు. అందుచేత ఇక్కడ పండుగకు ఎంత ఖర్చయిందన్న ప్రశ్న కంటే, ఆ డబ్బు ఏ పనికి పెట్టుకున్నదన్న ప్రశ్న ముఖ్యం.

చిన్న లెక్క చూద్దాం. 2025-26 సీజనుకు కేంద్రం సాధారణ రకం వరికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. డెల్టాలో వాడుకలో ఉన్న 75 కిలోల బస్తాకు అది సుమారు 1,777 రూపాయలు అవుతుంది. బట్టలకు, పిండివంటలకు, రాకపోకలకు, అల్లుడి మర్యాదలకు కలిపి 50,000 రూపాయలు ఖర్చు పెట్టిన ఇల్లు 28 బస్తాల ధాన్యం ఖర్చు పెట్టినట్టు. సార్వాలో ఎకరాకు ముప్పై, ముప్పై అయిదు బస్తాలు పండితే బాగా పండిందనుకునే రైతుకు ఇది దాదాపు ఎకరం పంట. పైగా అందులోనుంచి విత్తనం, దుక్కి, ఎరువు, కోత కూలి, కౌలు ఇంకా తీసివేయనే లేదు. కౌలు బస్తాల్లో కొలిచి ఇచ్చే రైతుకు సార్వాలో మిగిలేది అంతంత మాత్రం, అతని ఆశంతా దాళ్వా మీదే ఉంటుంది.

ఇక దాళ్వా పెట్టుబడికి ఆ 50,000 అప్పు తేవలసి వస్తే ఎక్కడినుంచి తెస్తారన్నది అసలు సంగతి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల రూపాయల వరకు ఇచ్చే పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా తీర్చినవారికి మరో 3 శాతం రాయితీ ఉంది కనుక చివరికి పడేది 4 శాతమే. ఆ లెక్కన నాలుగు నెలలకు వడ్డీ 700 రూపాయలు కూడా కాదు. అదే సొమ్ము ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నాలుగు నెలలకు 4,000 రూపాయలు, మూడు రూపాయల వడ్డీకైతే 6,000. డెల్టాలో సాగు చేసేవారిలో చాలామంది కౌలుదారులు. వాళ్లకు పంట రుణానికి దారి చూపే సాగుదారు కార్డు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కావాలంటే భూ యజమాని ఒప్పుకుని సంతకం చేయాలి, ఆ సంతకం పెట్టడానికి వెనుకాడే యజమానులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అంటే ఒకే వీధిలో, ఒకే స్థాయిలో పండుగ చేసుకున్న రెండు ఇళ్లలో సొంత భూమి ఉన్న ఇల్లు చవకగా తేలుతుంది, కౌలు చేసే ఇల్లు ఆ పండుగ ఖరీదును వడ్డీ రూపంలో మళ్లీ చెల్లిస్తుంది. పొదుపు గురించి అందరికీ ఒకే ఉపన్యాసం ఇవ్వడం నాకు నచ్చకపోవడానికి ఇదొక కారణం.

ఈసారి సార్వా కూడా ఆదుకున్నది కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపాను డెల్టా చేలను పడగొట్టింది. అంతకు రెండు నెలల ముందే, ఆగస్టులో, అమెరికా మన ఎగుమతుల మీద సుంకాలను 50 శాతానికి పెంచడంతో రొయ్యల రైతులు గుబులు పడ్డారు. వరి, రొయ్య, కొబ్బరి అనే మూడు ఆధారాల్లో రెండు ఒడిదుడుకుల్లో పడ్డ ఏడాది ఇది. అయినా పండుగ దగ్గర తగ్గినవాళ్లు పెద్దగా కనిపించరు, ఎందుకు తగ్గలేరన్నది చూడాలి.

సంక్రాంతి ఖర్చులో సొంత ఇంటివాళ్లు స్వేచ్ఛగా నిర్ణయించుకునే భాగం నిజానికి చాలా తక్కువ. ఆడపడుచుకు చీర, ఆమె భర్తకు పంచెల చాపు, పిల్లలకు జతలు, కొత్త అల్లుడైతే అతనికి కానుక, వియ్యాలవారికి సారె, పనిచేసేవాళ్లకు బట్టలు, ఇవన్నీ పెట్టుపోతల కింద వస్తాయి. పోయినేడు అందుకున్నదానికి ఈ ఏడు తిరిగి పెట్టాలి, ఈ ఏడు పెట్టినదానికంటే తక్కువగా వచ్చేయేడు పెడితే మాట వస్తుంది. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలు వడ్డించిందన్న వార్త దేశమంతా తిరిగింది. ఆ కుటుంబానికి అది ముచ్చట, వారి స్తోమతకు తగినదే కావచ్చు. అయితే ఆ ఫొటోలు ఫోన్లలో తిరిగిన తర్వాత పాతిక రకాలు వండిన అత్తగారు తక్కువ చేసినట్టు సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితి వచ్చింది. గోదావరి జిల్లాల మర్యాద అన్న పేరు ఇక్కడివాళ్లకు గర్వకారణమే, ఆ పేరు నిలబెట్టే భారం మాత్రం వంటింట్లో నిలబడేవాళ్ల మీదా, అప్పు పత్రం మీద సంతకం చేసేవాళ్ల మీదా పడుతోంది.

ఖర్చుల పుస్తకంలో ఎక్కని పద్దు ఇంకొకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నుంచి, జంతు హింస నివారణ చట్టం 1960 నుంచి అమల్లో ఉన్నా, హైకోర్టు ఆదేశాలు వచ్చినా, భోగి నుంచి కనుమ దాకా బరుల దగ్గర కోడి పందేలు, గుండాట, పేకాట ఎలా సాగుతాయో అందరికీ తెలుసు. అక్కడ పోయిన డబ్బు ఇంటికి చెప్పిన లెక్కలో పూర్తిగా రాదు. పాల ప్యాకెట్లు తగ్గించి, టీవీ చానళ్ల ప్యాకేజీ తగ్గించి నెలకు అయిదారు వందలు మిగిల్చిన ఇల్లాలి పొదుపును ఒక్క పందెం తుడిచిపెడుతుంది. ఇంటి ఖర్చు తగ్గించుకోవాలన్న వ్యాసాలన్నీ వంటింటి వైపే చూస్తాయి గాని బరి వైపు చూడవు. ఈ ప్రాంతానికి సంబంధించినంతవరకు అది సగం లెక్క మాత్రమే.

హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, విదేశాల నుంచి వచ్చే పిల్లలు తెచ్చే ఖర్చు వేరే రకం. వాళ్లు అడగరు, పైగా తామే కొనిపెడతారు. మూడు రోజులు పడుకోవడానికి మేడ మీది గదికి ఏసీ, అమ్మకు కొత్త మిక్సీ, నాన్నకు మసాజ్ కుర్చీ, పెద్ద టీవీ, నూనె లేకుండా వేయించే యంత్రం. 2025 సెప్టెంబరులో 32 అంగుళాలు దాటిన టీవీల మీద, ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడంతో ఈ ముచ్చట ఇంకా సులువైంది. కనుమ వెళ్లాక కార్లు వెనక్కి తిరుగుతాయి. ఇద్దరు ముసలివాళ్లు, ఆరు గదుల ఇల్లు, పని తెలియని నాలుగు యంత్రాలు మిగులుతాయి. పాత మిక్సీ బాగానే ఉంది కనుక దాన్ని పారేయరు, కొత్తది పిల్లలు తెచ్చింది కనుక దాన్ని వాడకుండా దాచుతారు, రెండూ అటక ఎక్కుతాయి.

అటకల విషయం ఇక్కడ కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి. మన క్యాలెండరులో పారేయడం కొనడానికి ముందు వస్తుంది. భోగి నాటికి పాతవి తీసి మంటలో వేసి ఇంట్లో చోటు చేస్తాం, ఆపైన మూడు రోజుల్లోనే ఆ చోటు నింపుతాం. పిడకలు, తాటి మట్టలు, చెదపట్టిన తలుపు చెక్కలు కాలినంతకాలం ఆ ఆనవాయితీ వల్ల హాని లేదు. ఇప్పుడు అదే మంటలో ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, స్పాంజి పరుపులు కాలుతున్నాయి, తెల్లవారుజామున చలిలో కిందికి దిగిన ఆ విషపు పొగను చుట్టూ నిలబడ్డ పిల్లలు పీలుస్తున్నారు. ఇంటి సామాను ఏరివేసే పనిని భోగికి ముందు నుంచి తీసి కనుమ తర్వాతికి మార్చాలన్నది నా వాదన. పండుగ అయ్యాక చూస్తేనే ఏది వాడాం, ఏది ముట్టుకోలేదు, ఏది రెండోసారి కొన్నాం అన్నది తెలుస్తుంది. చుట్టాలు దిగినప్పుడు కూడా బయటికి రాని గిన్నె ఇంకెప్పుడూ రాదు.

ఆ లెక్క తీస్తే పాత సామాను కంటే ముట్టుకోని కొత్త సామానే ఎక్కువ తేలుతుంది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాలలో వచ్చిన స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ బుట్టలు, కుట్టించుకోని జాకెట్టు ముక్కలు, మడత విప్పని చీరలు, పూతరేకులూ కాజాలూ వచ్చిన అట్టపెట్టెలు. జాకెట్టు ముక్కలు ఒక పేరంటం నుంచి ఇంకో పేరంటానికి కొన్నేళ్లపాటు ప్రయాణం చేస్తాయి, కొలతకు సరిపోకపోయినా ఎవరూ అనరు. దీన్ని లోపం అనడం కంటే, వస్తువుకు విలువ పోయి ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటే మిగిలిందనడం సబబు.

తీసిన సామాను ఎక్కడికి పోతుందన్నది డెల్టాలో చిక్కు ప్రశ్న. నేల పల్లం, తవ్వితే నీరు పైపైనే పడుతుంది, ఖాళీ జాగా అన్నది వరి చేనో, చేపల చెరువో, కొబ్బరి తోటో అయి ఉంటుంది. అందువల్ల చెత్త కాలువ గట్టుకు చేరి, అక్కడినుంచి నీళ్లలోకి జారుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత విస్తరించిన ఈ కాలువలే సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిస్తున్నాయి, వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువులు నింపుకొనేదీ వీటితోనే. కట్టేశాక కాలువ అడుగు బయటపడినప్పుడు సంక్రాంతికి వాడి పారేసిన ప్లేట్లు, నీళ్ల సీసాలు, థర్మాకోలు ముక్కలు, పాత పరుపులు వరసగా కనిపిస్తాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని 2022 జూలై 1 నుంచి నిషేధించినా, 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతున్నా, పండుగ తర్వాతి వారంలో పంచాయతీ బండి అదనంగా రాకపోతే ఇంటివాళ్లకు కాలువే దగ్గర. చెత్త నుంచి సంపద కేంద్రాల షెడ్లు ఊళ్లలో కట్టి ఉన్నాయి. పరుపులు, విరిగిన ఫర్నిచరు, పాడైన మిక్సీల వంటివాటిని కనుమ తర్వాత ఒక నిర్ణీత రోజున అక్కడ తీసుకుంటామని చాటింపు వేయించడానికి పంచాయతీకి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంట్లో వస్తువులు వీలైనంత తక్కువగా ఉండాలన్న కొత్త మోజును మాత్రం ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోనక్కర్లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో అదనపు దుప్పట్లు, కిరోసిన్ దీపాలు, పెద్ద డేగిసాలు ఉన్న ఇళ్లే పక్కిళ్లను కూడా ఆదుకున్నాయి. పాత చీరలు నాలుగు పొరలుగా వేసి కుట్టిన బొంత చలికాలంలో కొన్న దుప్పటికంటే బాగా పనిచేస్తుంది. ఇత్తడి గుండిగలు, గంగాళాలు చోటు తినేస్తున్నాయని తూకానికి అమ్మేసి, తర్వాత శుభకార్యానికి అవే గుండిగలను షామియానా సామాన్లవాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకున్న ఇళ్లు తక్కువేమీ కావు. వాడకం ఏడాదికి ఒక్కసారే అయినా అది ఖాయమైన వాడకమైతే ఆ వస్తువు అడ్డు కాదు. స్టీలు గిన్నె ఆశ చూపి మంచి చీరలు మూటగట్టుకుపోయే బేరం దగ్గర కూడా ఇదే కొలత వాడాలి.

కోత ఎక్కడ పెట్టాలంటే, అది ఒక్క ఇల్లు కూర్చుని తేల్చుకునే సంగతి కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వదినలు, బావలు అందరూ ఒకచోట ఉండేది ఆ నాలుగు రోజులే. కనుమ మర్నాడు కార్లు ఎక్కకముందు, వచ్చే సంక్రాంతికి పెద్దవాళ్లకు బట్టలు పెట్టుకోవడం మానేసి పిల్లలకు మాత్రమే పెట్టుకుందామని అనుకుంటే అందరికీ ఒకేసారి భారం తగ్గుతుంది, ఎవరికీ నామోషీ ఉండదు. ఈ మాట పెట్టేవాళ్లలో పెద్ద అల్లుడో, ఉద్యోగం చేసే కొడుకో ముందుండాలి. అత్తగారు అంటే పిసినారితనం కిందకు వస్తుంది, డబ్బున్నవాళ్లు అంటే పద్ధతి అవుతుంది. ఇది అన్యాయమే, కానీ పని జరిగే దారి అదే.

డబ్బు వైపు నుంచి చూస్తే, సంక్రాంతి నిధి సార్వా సొమ్ములోనుంచి కాకుండా అంతకు ముందటి దాళ్వా సొమ్ములోనుంచి రావాలి. మే నెలలో ధాన్యం డబ్బు పడగానే కొంత తీసి డిసెంబరులో చేతికి వచ్చేలా బ్యాంకులో డిపాజిట్ వేసుకోవచ్చు, డ్వాక్రా సంఘంలో విడి పొదుపుగా పెట్టుకోవచ్చు. చీటీ వేసేవాళ్లు అది 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైనదో కాదో చూసుకోవాలి, తెలిసినవాళ్లేగదా అని వేసి పండుగ ముందు చీటీదారు ఊరు విడిచిన కథలు గోదావరి జిల్లాల్లో కొత్తవి కావు. అలా చేస్తే సార్వా డబ్బు దాళ్వాకు మిగులుతుంది. పుష్యం వెళ్లి మాఘం రాగానే మొదలయ్యే పెళ్లి పిలుపులకు, చదివింపులకు కూడా అప్పు లేకుండా ఎంతో కొంత చేతిలో ఉంటుంది.

ఈ ఏడాది ఏరివేతలో మరో సంగతి కూడా చూసుకోవాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాలకు నది ఒడ్డు ఊళ్లలో చుట్టాలతో నిండని ఇల్లు లేదు. అప్పుడు కొన్న చాపలు, బకెట్లు, పరుపులు కొన్ని ఇప్పటికీ అటకల మీదే ఉన్నాయి. వాటిలో పనికొచ్చేవి ఏవో చూసి, ఎండబెట్టి, అన్నదమ్ముల ఇళ్లలో ఎవరి దగ్గర ఏమున్నదో ఒక కాగితం మీద రాసుకుంటే వచ్చే ఏడాది అవే మళ్లీ కొనే పని ఉండదు. చినిగినవి, నీరు పట్టి కుళ్లినవి మాత్రం ఈ వారమే పంచాయతీ బండికి ఇవ్వవచ్చు.