‘మిక్సింగ్‌లో చూసుకుందాంలే’ సిద్ధాంతం

పాట రికార్డు చేసే ముందు సాధన చెయ్యాలని ఇప్పటికీ వాదించే పెద్దలు మన బెజవాడలో కొందరున్నారు. వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ వాళ్ల మాట వింటూ కూర్చుంటే మన ఆడియో రంగం ఏనాటికీ బాగుపడదు. సాధన ఎందుకండీ? ఆ మాటకొస్తే నిశ్శబ్దంగా ఉండే గది మాత్రం ఎందుకు? కంప్యూటర్ ఉంది, అందులో ఎవరో దయతలచి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంది (ఎక్కడిదని అడగడం మర్యాద కాదు), దాని ముందు తెల్లవార్లూ కూర్చునే కుర్రాడున్నాడు. రికార్డయిన గొంతునీ వాద్యాలనీ కంప్యూటర్లో కలిపి సరిదిద్దడాన్ని మిక్సింగ్ అంటారు, ‘మిక్సింగ్‌లో చూసుకుందాంలే’ అన్న ఒక్క భరోసా మీద గవర్నర్‌పేట నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా పని నడిచిపోతోంది. ఇంత గొప్ప సిద్ధాంతాన్ని సమర్థిస్తూ ఇంతవరకు ఒక్కరూ కలం పట్టలేదు కాబట్టి ఆ భారం నేను ఎత్తుకున్నాను.

ముందు చరిత్ర. 1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. తర్వాతి రోజుల్లో పొద్దున్నే భక్తిరంజని వినిపించి ఊళ్లకు ఊళ్లను నిద్రలేపింది ఆ కేంద్రమే. అయితే రేడియో స్టూడియోల్లో కళాకారులకు జరిగిన అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్ల చేత ముందు రిహార్సల్ చేయించేవాళ్లు. ఎర్ర లైటు వెలిగిందంటే దగ్గు కూడా ఆపుకోవాలి. టేపులొచ్చాక కూడా తప్పు పాడిన ముక్క తీసెయ్యాలంటే ఆ టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ కలిపి అతికించాలి. కోత తప్పయితే అంతే సంగతులు, కంట్రోల్ జెడ్ లేదు. ఇన్ని బాధలు పడేకంటే సరిగ్గా పాడటమే సులువనిపించి వాళ్లు సరిగ్గా పాడేశారు. దాన్ని మనం ప్రతిభ అనుకుంటున్నాం. గత్యంతరం లేక పాడారు, పాపం.

ఇప్పుడు మన స్టూడియోకి రండి. ఏ సత్యనారాయణపురంలోనో రెండో అంతస్తు పడకగది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. గుడ్ల అట్ట బయటి శబ్దాన్ని ఆపదని, బరువైన గోడా సందు లేకుండా బిగిసే తలుపూ ఉంటే తప్ప హారన్ లోపలికి రాకుండా ఉండదని ఫిజిక్స్ మేష్టార్లు అంటారు. అననివ్వండి. అట్టలు లేకపోతే డబ్బులిచ్చేవాడికి అది స్టూడియో అని ఎలా తెలుస్తుంది? మధ్యలో స్టాండ్ మీద కండెన్సర్ మైకు. దానికి 48 వోల్టులు పంపితే చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుంది, అది దాని గొప్పతనం, బెజవాడలో అదే దాని ఖర్మ. ఏసీ జుయ్‌మంటుంది కాబట్టి ఆపాలి, ఫ్యాన్ సంగతి చెప్పక్కర్లేదు, పైగా మే నెల. గాయకుడు పల్లవి చొక్కాతో మొదలుపెట్టి రెండో చరణం బనీనుతో పూర్తిచేస్తాడు. ఆ పాట విని ఎంత ఆర్ద్రంగా పాడాడో అని మెచ్చుకుంటారు జనం. అందులో సగం చెమటే.

ఇక కరెంటు. మన దగ్గర కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్గులో లాప్‌టాప్ చార్జర్ పెట్టారంటే ఆ ఊపు 50 హెర్ట్జ్ దగ్గర, దాని పైన 100 దగ్గర, 150 దగ్గర ‘మ్‌మ్‌మ్’ అంటూ పాటలో కలిసిపోతుంది. చాలామంది దీన్ని లోపం అంటారు. నేను అనను. ఒకటో శ్రుతిలో పాడేవాడికి ఆ 50 హెర్ట్జ్ వెంట్రుకవాసి ఎక్కువైన పంచమం అవుతుంది, అంటే తంబురా కరెంటాఫీసు వాళ్లే మీటుతున్నట్టు లెక్క. ఆ సేవకు బిల్లులో ఇంకా విడిగా చార్జీ వెయ్యడం లేదు, మనం సంతోషించాలి.

ఈ చప్పుళ్లన్నీ తీసెయ్యడానికే సాఫ్ట్‌వేర్. ఆడాసిటీ అని ఒకటుంది, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టి 2000లో జనంలోకి వచ్చింది, పైసా ఖర్చు లేదు. అందులో నాయిస్ తగ్గించే పద్ధతి ఏమిటంటే, ఎవరూ మాట్లాడకుండా ఉత్త గది శబ్దం మాత్రమే ఉన్న రెండు మూడు సెకన్ల ముక్క దానికి చూపించాలి. ‘ఇదీ చెత్త’ అని నేర్చుకుని మిగతా రికార్డింగ్ మొత్తంలోంచి ఆ రకం శబ్దాన్ని తగ్గిస్తుంది. ఏసీ రొదలాగా ఒకే తీరున సాగే శబ్దమైతే బ్రహ్మాండంగా తీస్తుంది. కానీ బెజవాడలో ఈ సెకను చప్పుడు మరుసటి సెకనుకి ఉండదు, ఒక సెకను కుక్కర్, ఇంకో సెకను బుల్లెట్ బండి, ఆ తర్వాత కింది వాటా వాళ్ల సీరియల్. ఏం నేర్చుకోవాలో దానికి పాలుపోదు. అప్పుడు మన కుర్రాడు స్లైడర్ పట్టుకుని చివరిదాకా లాగేస్తాడు. ఇక గాయని బ్యారేజీ గేట్ల కింద నీళ్లలో కూర్చుని పాడినట్టు వినిపిస్తుంది. చప్పుడు మాత్రం ఎక్కడా లేదు, ఒప్పుకోవాలి.

ఒక వెంచర్ ప్రకటన రికార్డింగ్ నేను దగ్గరుండి చూశాను. డబ్బింగ్ గొంతుకి డబ్బులెందుకు దండగని ఓనర్ గారే మైకు ముందు నిలబడ్డారు. ‘అమరావతికి కూతవేటు దూరంలో’ అనగానే సరిగ్గా జంక్షన్ వైపు నుంచి రైలు కూసింది.

‘మళ్లీ చెప్పమంటావా తమ్ముడూ?’

‘అక్కర్లేదు సార్, తీసేస్తా.’

తీసేశాడు. రైలు పోయింది, దాంతోపాటు ‘కూ’ కూడా పోయి అమరావతికి తవేటు దూరం మిగిలింది. సార్ హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు విని, ‘క్లీన్‌గా ఉంది, గొంతులో కొంచెం గంభీరం పెంచు’ అన్నారు. మన భాషలో గంభీరం అంటే 100 హెర్ట్జ్ చుట్టుపక్కల బాస్ ఎత్తడం. ఎంత పెంచమంటారు అని కుర్రాడడిగితే, ‘ప్లాట్లు అమ్ముడుపోవాలి కదా, దాన్ని బట్టి చూడు’ అన్నారు. అది ఎన్ని డెసిబెల్సో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

శ్రుతి విషయానికొద్దాం. గొంతులో తప్పిన శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు రంగంలో పనిచేశాడు, భూమిలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనుల లెక్క కట్టి కింద ఏముందో చెప్పే విద్య ఆయనది. ఆ లెక్కల్లో ఆరితేరినవాడే గొంతులో స్వరం ఎక్కడుందో పట్టే పనిలోకి దిగాడు. మనకిది కొత్తేం కాదు, కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు కోసం ఎన్నేళ్ల నుంచో తవ్వుతున్నాం, నేల కింద ఎంతో కొంత దొరుకుతోంది కూడా. మన గాయకుల గొంతుల్లో శ్రుతి కోసం జరుగుతున్న తవ్వకాలే ఇంకా కొలిక్కి రాలేదు.

ఇక్కడొక చిక్కుంది. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా స్థాయికి 12 మెట్లు పెట్టుకుని కూర్చుంటుంది, గొంతు మెట్టుకీ మెట్టుకీ మధ్య కనబడితే దగ్గర్లో ఉన్న మెట్టు మీదకి నెట్టేస్తుంది. మన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరు, బతికేదేమో ఆ మధ్యలోనే. తెనాలి వైపు పద్యనాటకం చూసి పెరిగినవాళ్లకి తెలుసు, పద్యం అయిపోయాక నటుడు రాగం ఎత్తుకుని ఊయల ఊపినట్టు ఊపుతుంటే వెనక వరసలోంచి వన్స్‌మోర్ అని కేకలు లేస్తాయి. ఆ ఆలాపన మీద ఆటోట్యూన్ గట్టిగా బిగించండి, లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగుతూ పోయినట్టు పోతుంది. పాతకాలం వాళ్లు బాధపడొచ్చు గానీ నా దృష్టిలో ఇది సామాజిక న్యాయం. పాడటం వచ్చినవాడికీ రానివాడికీ తేడా లేకుండా చేసిన యంత్రం ఇంతకుముందు ఏదైనా వచ్చిందా?

దేవుడి పాటలకి ఎకో తప్పనిసరి. ఎకో లేకుండా పిలిస్తే దేవుడు పలకడని మన క్యాసెట్ల కాలం నుంచీ గట్టి నమ్మకం. ఇప్పుడు గొంతుకి గది ప్రతిధ్వని తగిలించే రివెర్బ్ ప్లగిన్లలో పెద్ద హాళ్లు, చర్చిలు అన్నీ రెడీమేడ్‌గా ఉంటాయి. నిజమైన హాల్లో బుడగ పగలగొట్టో చప్పట్లు కొట్టో ఆ ప్రతిధ్వనిని రికార్డు చేసుకొచ్చి మన గొంతుకి తగిలించే ఏర్పాటూ ఉంది. మన కుర్రాడు అందులో అన్నిటికంటే పొడుగ్గా సాగేది ఏరుకుంటాడు, దాని పేరు కెథడ్రల్. ఆ విధంగా పది బై పది గదిలో పాడిన అమ్మవారి మంగళహారతి ఏ యూరప్ చర్చి గోడలకో కొట్టుకుని మూలానక్షత్రం నాటికి ఇంద్రకీలాద్రి చేరుకుంటుంది. సర్వమత సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎవరైనా ఈ కుర్రాడికి సన్మానం చేశారా?

కొందరు స్టూడియో వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ‘మాది 192 కిలోహెర్ట్జ్ రికార్డింగ్’ అని బోర్డు పెడతారు, అంటే శబ్దాన్ని సెకనుకు 1,92,000 సార్లు కొలిచి దాచడం, ఆ ఒక్కో కొలతే శాంపిల్. మనిషి చెవికి వినపడేది 20 కిలోహెర్ట్జ్ దాకానే, వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది, అందుకే సీడీకి దానికి రెట్టింపు మీద కాస్త ఎక్కువగా సెకనుకు 44,100 శాంపిళ్లు చాలన్నారు. 192లో పట్టిన పై శబ్దాలు మనకి వినపడవు, మొగల్రాజపురం గుహల్లో గబ్బిలాలుంటే వాటికి వినపడొచ్చు. అయినా ఆ ఫైలును అంత శ్రద్ధగా తయారుచేసి పార్టీకి పంపేది వాట్సాప్‌లో. పార్టీ వినేది ఫోన్ స్పీకర్లో. విని, ‘బాస్ రావట్లేదు’ అంటాడు. గోరంత స్పీకర్లో బాస్ ఎక్కణ్నుంచి వస్తుందండీ అని అడగకూడదు, పెంచాలి. పెంచి కార్లో పెడితే డోర్లు అదురుతాయి. ‘ఇప్పుడొచ్చింది’ అంటాడు.

అసలు విషయం మాస్టరింగ్. మాస్టరింగ్ అంటే పాటలన్నిటినీ ఒక తూకంలోకి తెచ్చి, ఏ స్పీకర్లో విన్నా సమంగా ఉండేలా చివరి మెరుగు పెట్టడం అని పుస్తకాలు చెప్తాయి. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మాస్టరింగ్ అంటే సౌండ్ పెంచడం. డిజిటల్లో సున్నా డెసిబెల్స్ పైకప్పు, దాన్ని దాటిన శబ్దం తల నరికేసినట్టు చదునైపోయి పగులుతుంది. కాబట్టి శబ్దాన్ని గీత దాటనివ్వని లిమిటర్ అనే సాధనం పెట్టి పైకప్పుకి తల తగలకుండా మిగతా ఒళ్లంతా పైకి నెడతారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే గొంతు తగ్గించినచోట జనం ఊపిరి బిగబట్టేవాళ్లట, ఆ తర్వాత వచ్చే గర్జనకి ఉలిక్కిపడేవాళ్లట, 1986లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. అదే గొంతు ఇవాళ మన కుర్రాడి చేతిలో పడితే ఆ గుసగుసనీ గర్జననీ ఒకే ఎత్తుకి తెచ్చి పెట్టేవాడు. జనం ఊపిరి బిగబట్టాల్సిన అవసరం లేదు, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఎంత మంచిది!

ఈ పరిస్థితుల్లో మన ఆత్మగౌరవం మీద దెబ్బ కొట్టింది యూట్యూబ్. రాత్రంతా కూర్చుని, లిమిటర్ ఎర్రలైటు ఆరకుండా కాపలా కాసి, స్క్రీన్ మీద పాట మొత్తం గీత గీసినట్టు నల్లగా దట్టంగా నిండేదాకా పెంచి అప్‌లోడ్ చేస్తే, వాళ్లేం చేశారు? మైనస్ 14 లఫ్స్ (సౌండు ఎంత పెద్దగా వినిపిస్తోందో చెప్పే కొలత) అని ఒక గీత గీసుకుని, దాన్ని మించిన పాటలన్నిటి సౌండూ తగ్గించేస్తున్నారు. ఆ కొలతలో పెద్దది, చిన్నది అన్నది శిఖరాన్ని బట్టి కాదు, మొత్తం మీద చెవికి ఎంత పెద్దగా అనిపిస్తోందన్నదాన్ని బట్టి. అంటే పెంచినంతా దిగిపోయింది, నలిగిపోయిన పాట మాత్రం నలిగినట్టే ఉండిపోయింది. పక్కన ఎవరో తాపీగా, ఎగుడుదిగుళ్లు ఉంచి చేసుకున్న పాట దీనికంటే దిట్టంగా వినిపిస్తోంది. ఇది ఎక్కడి న్యాయం? పెళ్లిలో పందిరి దాటి నాలుగు వీధులకు వినపడకపోతే అది భోజనాల పిలుపే కాదనుకునే ప్రాంతం మాది. మా సౌండు మాకు తిరిగివ్వాలని ధర్నాచౌక్‌లో ఒక రోజు కూర్చుందామని నా ప్రతిపాదన. నినాదాలు ముందే రికార్డు చేసి పెడదాం, ఎండకి గొంతులు పోతాయి.

ఈ మొత్తం రంగంలో నాకు నచ్చని మనిషి ఒక్కడే ఉన్నాడు. పొద్దున పదింటికి మా వీధిలోకి ఆటో ట్రాలీ వేసుకుని ఉల్లిపాయలు అమ్మేవాడు. ఫోన్లో ఒక్క టేకులో రికార్డు చేసుకున్న నాలుగు ముక్కలు, ఎకో లేదు, బాస్ లేదు, గుడ్ల అట్ట మొహం కూడా చూసి ఉండడు. ఆ హారన్ స్పీకర్లో గొంతు పలికే మధ్య స్థాయి తప్ప ఇంకేదీ రాదు, మాటలు స్పష్టంగా వినపడేది ఆ మధ్య స్థాయిలోనే. మూడో అంతస్తులో మిక్సీ తిరుగుతున్నా కిలో ఎంతో అక్షరం పొల్లు పోకుండా అర్థమవుతుంది. ఇలాంటివాళ్ల వల్లే జనానికి స్టూడియోల మీద నమ్మకం పోతోంది. అధికారులు చర్య తీసుకోవాలి.

చర్యలంటే గుర్తొచ్చింది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మామూలుగా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. నియమం బాగుంది. వినాయక చవితికి మా సందు చివర పందిట్లో పెట్టే డబ్బాలకి ఆ 55 సంగతీ తెలియదు, యూట్యూబ్ వాళ్ల మైనస్ 14 సంగతీ తెలియదు. కమిటీ కుర్రాడు పాట యూట్యూబ్‌లోనే పెడతాడు. వాళ్లు తగ్గించిందంతా ఆంప్లిఫయర్ నాబ్ మీద పెట్టిన వేలితో వడ్డీతో సహా వెనక్కి తెచ్చేస్తాడు.