మూడో గేరుతో వచ్చే ముప్పు

మా బావగారి పికప్ ట్రక్కుకు ముందుకు వెళ్లే గేర్లు రెండే. ఒకటి బయలుదేరడానికి, రెండోది ఎందుకు బయలుదేరామా అని విచారించడానికి. ఈ ఏర్పాటు మీద అరవై ఏళ్లుగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇప్పుడు ఆ గేర్‌బాక్సు దింపేసి మూడు గేర్లది ఎక్కించాలని ఇంట్లో తీర్మానం జరిగింది. విశాఖపట్నంలో ఇంతకన్నా పెద్ద సమస్యలున్నాయని నాకు తెలుసు. వాటి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. దీని గురించి నేనొక్కడినే కనుక బాధ్యతగా రాస్తున్నాను.

బండి 1964 నాటి షెవర్లే సీ-10. రిఫైనరీ పనిమీద ఊరికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తిరిగి వెళ్లిపోతూ బావగారి తండ్రిగారికి అమ్మేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో కుడివైపు కూర్చున్నవారే చూసి చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా ఆ ఉద్యోగం నాది. జీతం లేదు, పింఛను కూడా ఉండదని ఈ మధ్యే స్పష్టం చేశారు.

అందులోని గేర్‌బాక్సు పేరు పవర్‌గ్లైడ్. 1950లో షెవర్లే కార్లలో మొదలై 1973 వరకు తయారైంది. క్లచ్ పెడలు ఉండదు. ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనె నిండిన ఒక డబ్బా ఉంటుంది. ఒక ఫ్యాను ఎదురుగా ఇంకో ఫ్యాను పెట్టి మొదటిది వేస్తే దాని గాలికి రెండోది తిరిగినట్టు, ఆ డబ్బాలో ఒక చక్రం నూనెను చిమ్మితే ఎదుటి చక్రం తిరుగుతుంది. మొదటి గేరు నిష్పత్తి 1.82, ఈ అంకె ఎంత పెద్దదైతే లాగే బలం అంత ఎక్కువ. రెండోది సరిగ్గా ఒకటి. ఈ రెండింటి మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చే భారమంతా ఆ నూనెదే. ఎత్తు మీద అది జారుతుంది, జారిన కొద్దీ వేడెక్కుతుంది. ఇంజను గర్జిస్తుంది, బండి ఆలోచిస్తుంది. ఇంకొక విశేషం, రివర్సు గేరు నిష్పత్తి కూడా 1.82. ముందుకు ఎంత ఉత్సాహమో వెనక్కీ అంతే. సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఈ సమదృష్టి ఒకసారి మాకు అనుభవంలోకి వచ్చింది. ఆనాడు పిన్నిగారు మొక్కుకున్న మొక్కులు ఇంకా కొన్ని బాకీ ఉన్నాయి.

గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రికి చూపించాం. ఆయన గుంటలోకి దిగి, పానాతో రెండుచోట్ల తట్టి, నూనె తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, పైకి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“పుల్లింగ్ లేదన్నారు కదా బాబూ. ఇది పాడవలేదు. పుట్టినప్పటినుంచీ ఇంతే.”

ఆ మాటకు బావగారి కళ్లు చెమర్చాయి. అరవై ఏళ్లు ఒక్క తీరుగా ఉండడం మనుషులకే చేతకాదు.

అయితే అక్క ఊరుకోలేదు. “నడవని బండికి షెడ్డు, షెడ్డుకు రేకులు, రేకులకు పెయింటు. ఒక్కనాడైనా కూరగాయలు తెచ్చిందా?” అని అడిగింది. ప్రశ్న సామాన్యంగా కనిపిస్తుంది కాని ఇందులో నాగరికతకే చేటు ఉంది. ఈ ఊళ్లో గౌరవం దేనికి దక్కుతోందో ఒకసారి చూడండి. రామకృష్ణా బీచ్ ఒడ్డున కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా నీళ్లలో తిరిగినంత కాలం దాన్ని చూడడానికి టికెట్టు కొన్నవారు ఒక్కరూ లేరు. 2002లో ఇసుక మీదికి లాగి కదలకుండా కూర్చోబెట్టాక ఊరి పిల్లలూ పొరుగూరి పిల్లలూ వరుస కట్టారు. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. ఎగరడం మానుకున్నాకే, 2017లో, దానికీ మ్యూజియం హోదా వచ్చింది. వాటికి కొత్త గేర్లు బిగించి ఉప్పాడ దాకా పోయి చేపలు తెమ్మని ఎవరైనా అన్నారా? నడిస్తే వాహనం, ఆగితే వారసత్వం. ఈ తేడా తెలియనివారి చేతికి పానా ఇవ్వకూడదు.

చట్టం కూడా నా పక్షానే ఉంది. 2021లో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి. మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చి ఉండకూడదు. అటువంటి బండికి ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. అన్నిటికన్నా ముఖ్యమైనది, దాన్ని రోజువారీ పనులకుగాని వ్యాపారానికిగాని రోడ్డెక్కించకూడదు. అంటే కూరగాయలు తేకపోవడం లోపం కాదు, అర్హత. ఈ సంగతి అక్కకు విన్నవించాను. అక్క కూడా నియమాలు చదివింది. “ఛాసిస్ అన్నారు, బాడీ అన్నారు, ఇంజనన్నారు. గేర్‌బాక్సు మాట ఎక్కడుంది తమ్ముడూ?” అంది. మీమాంస చదివినవారు కూడా ఇంత సూక్ష్మంగా వాదించలేరు. గేర్‌బాక్సు ఇంజనుకు అంగమా, దాని వెనక బిగించిన బంధువా అన్న విషయం మీద మా ఇంట్లో రెండు ఆదివారాలు గడిచాయి.

ఈలోగా పిన్నిగారి వ్యవహారం ముందుకొచ్చింది. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్ర నూనెలో ఒకప్పుడు తిమింగలం నూనె కలిపేవారు. పెట్టె లోపల ఉండే క్లచ్ ప్లేట్లు కుదుపు లేకుండా మెత్తగా పట్టుకోవడానికి దానికి సాటి లేదట. 1970ల మొదట్లో అమెరికా తిమింగలం సరుకును నిషేధించాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కున్నాయి. ఈ సమాచారం నేను విజ్ఞానం పంచే ఉద్దేశంతోనే భోజనాల దగ్గర చెప్పాను. పిన్నిగారు చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశారు. ఆవిడ చిన్నప్పుడు ప్రతి చందనోత్సవానికీ ఇదే బండిలో కొండకు వెళ్లారు. “జీవితంలో ఉల్లిపాయ ముట్టలేదు. చేపనెక్కి తిరిగానా?” అన్నారు. తిమింగలం చేప కాదు, క్షీరదం అని సవరించాను. దానివల్ల పరిస్థితి మెరుగుపడలేదు.

డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు వీడియో కాల్‌లో వచ్చి సంగతి ఇంకా చిక్కుపరిచాడు. “నాన్నా, ఇక్కడ డ్రాగ్ రేసుల వాళ్లు పవర్‌గ్లైడ్ కోసం వెతుక్కుంటున్నారు. తేలిక, గట్టిది, ఒక్కసారి గేరు మారితే చాలు” అన్నాడు. బావగారు మీసం దువ్వుకున్నారు. కాని ఆ రేసు దూరం పావు మైలు, అంటే సుమారు 400 మీటర్లు. మన బండి ఆ తరవాత కూడా బతకాలి కదా, హనుమంతవాక దాటాలి కదా, అని అక్క అంది.

మేనల్లుడి సలహా 700ఆర్4 అనే గేర్‌బాక్సు. 1982లో వచ్చింది, నాలుగు గేర్లు, మొదటిది 3.06, ఆఖరుది 0.70. వినడానికి బాగానే ఉంది. అయితే అది పాతదానికన్నా దాదాపు మూడంగుళాలు పొడుగు. వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు కోయించాలి, కింద గేర్‌బాక్సును మోసే అడ్డపట్టీ, అదే క్రాస్ మెంబరు, జరపాలి. దానికితోడు కార్బురేటరు నుంచి ఒక తీగ వెళ్తుంది. అది సరిగా బిగించకపోతే లోపల నూనె ఒత్తిడి చాలక క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి. ఒక తీగ మీద సంసారం నడపడం తన వల్ల కాదని బావగారు తేల్చేశారు. చివరికి టర్బో హైడ్రామాటిక్ 350 ఖాయమైంది. 1969 నాటిది. మూడు గేర్లు, 2.52, 1.52, 1. తోక పొట్టిగా ఉన్న రకం పొడుగులో పవర్‌గ్లైడ్‌కు మూడు మిల్లీమీటర్లే తేడా. పాత షాఫ్టే సరిపోతుంది. వధువు ఎత్తు, వరుడి ఎత్తు ఇంత దగ్గరగా కుదిరిన సంబంధం మా వంశంలో ఇంతవరకు లేదు.

ఆఖరి ప్రయత్నంగా నేను తోపుడు వాదం తెచ్చాను. ఆ కాలపు పవర్‌గ్లైడ్‌కు వెనక ఇంకో చిన్న ఆయిల్ పంపు ఉంటుంది. చక్రాలు తిరిగితే అదీ తిరిగి ఒత్తిడి పుట్టిస్తుంది. అందువల్ల బ్యాటరీ చచ్చినా, ఆటోమేటిక్ అయినా, తోసి స్టార్టు చేయవచ్చు. 350కి ఆ పంపు లేదు. “ఎంత వేగంతో తోయాలి?” అని అడిగింది అక్క. గంటకు సుమారు 40 కిలోమీటర్లు. అంత వేగంగా తోయగల బంధువులు మాకు లేరన్నది నిజమే. కాని సదుపాయం ఉండడం వేరు, వాడుకోవడం వేరు. నా వాదన ఓట్లకు పెట్టగా బావగారు ఒక్కరే చేయెత్తారు. అక్క చూడగానే ఆ చేత్తో తల గోక్కున్నారు.

పని రెండు వారాలు పట్టింది. కొత్త గేర్‌బాక్సు అమెరికా నుంచి వచ్చింది, దాని ఖర్చు ఎంతో బావగారు అక్కకు చెప్పలేదు, నేను ఇక్కడ చెప్పను. చైన్ బ్లాకు కట్టి పాతది దింపినప్పుడు మేస్త్రి దానికి దండం పెట్టాడు. మౌంటు దగ్గర చిన్న వెల్డింగు, కూలర్ గొట్టాలకు కొత్త వంపులు, అంతే. మిగిలిన లోటు ఒక్కటి. స్టీరింగు మీది అక్షరాల పలక పాతదే. దాని మీద ముందుకు వెళ్లే స్థానాలు రెండే, కింద గేర్లు మూడు. ముల్లు ఒకచోట చూపిస్తుంది, బండి ఇంకో గేరులో ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన బావగారికి ఇందులో వింతేమీ కనిపించలేదు.

మొదటి ప్రయాణం సింహాచలం. బండి ఎక్కడా ఆగకుండా, ఎవరినీ భయపెట్టకుండా కొండ ఎక్కేసింది. పైన బావగారు దిగి కాసేపు మాట్లాడలేదు. ఇదివరకు మలుపు మలుపుకూ ఆగేవాళ్లం. నూనె చల్లారేలోపు జనం చుట్టూ చేరేవారు, ఏ సంవత్సరం బండి అని అడిగేవారు, కొందరు పిల్లలను బానెట్ పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకునేవారు. ఆ రోజు మా వెనక వచ్చిన కారువాడు హారన్ కొట్టి దారి అడిగాడు, అంతే.

సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. భీమిలి నుంచి అక్క ఆడపడుచుగారికి రెండు మంచాలు తరలించాలి. కంచరపాలెంలో ఎవరికో వాటర్ ట్యాంకు. పిన్నిగారు కూడా కొత్త నూనెలో జీవహింస లేదని నాచేత రెండుసార్లు చెప్పించుకుని, తన గ్రైండరు రిపేరుకు గురువారం బాగుంటుందన్నారు. ‘వీఏ’ నంబరు దరఖాస్తు బల్ల మీదే ఉంది, అక్క దాని వెనక ఈ వారం వంతులు రాసిపెట్టింది. పాత గేర్‌బాక్సు మాత్రం హాల్లో ఒక స్టూలు మీద, బొట్టు పెట్టించుకుని, ఎవరికీ ఏ పనీ చేయకుండా నిశ్చింతగా కూర్చుని ఉంది. వచ్చినవారందరూ దాన్నే చూస్తున్నారు.

బుధవారం ఉదయం బండి ఖాళీ అని తెలిసింది. మద్దిలపాలెంలో నా పుస్తకాల బీరువా ఒకటి చాలాకాలంగా ఒక స్నేహితుడి ఇంట్లో ఉండిపోయింది. బరువైనదే. కాని 2.52 మీద నాకు నమ్మకం ఉంది.