తాతగారి గాలానికి లైసెన్సు ఉండాలా?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం చేపల లైసెన్సు నిబంధనల్లో ఒక పుట్టినతేదీ ఉంది: 1931 జనవరి 1. అంతకు ముందు పుట్టినవాళ్లు లైసెన్సు లేకుండా గాలం వేసుకోవచ్చు. ఆ తర్వాత పుట్టిన పెద్దలెవరైనా, ఎన్నేళ్లొచ్చినా, కొనాల్సిందే. 65 నిండిన రాష్ట్రవాసులకు ధర మాత్రం తగ్గుతుంది. మంచినీటి చేపల లైసెన్సు మామూలుగా ఏడాదికి 30 డాలర్లు, వాళ్లకు 12. అంటే వయసు కారణంగా అక్కడ ఉచితంగా చేపలు పట్టాలంటే ఇప్పుడు తొంభైల నడిమికి వచ్చి ఉండాలి. ఆ వయసులో పడవెక్కి బాస్ చేపతో కుస్తీ పట్టేవాళ్లు ఎందరుంటారో మీరే ఊహించుకోండి.

ఇలాంటి గీతలు ఇంకా ఉన్నాయి. విస్కాన్సిన్‌లో 1927 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లకు ఉచితం. ఒహాయోలో 1937 డిసెంబరు 31 వరకు పుట్టినవాళ్లకు. జార్జియాలో 1952 జూన్ 30 వరకు. ఈ సంవత్సరాలకు ఒక అరవై అయిదు కలిపి చూడండి. ఆయా రాష్ట్రాలు ‘పెద్దలకు ఉచితం ఇక చాలు’ అనుకున్న కాలం సుమారుగా తేలిపోతుంది. విస్కాన్సిన్‌ది 1990ల మొదలు, ఒహాయోది 2000ల మొదలు, జార్జియాది 2017.

ఈ ఎత్తుగడలో ఉన్న తెలివి మెచ్చుకోదగింది. అప్పటికే ఉచితం అనుభవిస్తున్న ఏ ఒక్కరి నుంచీ దాన్ని లాక్కోరు. కొత్తగా ఎవరినీ అందులోకి రానివ్వరు. ఉచితం దానంతటదే తరిగిపోతుంది. మన రైల్వేలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. అరవై నిండిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది నిండిన స్త్రీలకు 50 శాతం ఉన్న టికెట్ రాయితీ 2020 మార్చిలో కొవిడ్ పేరిట ఆగింది, మళ్లీ రాలేదు. నిన్నటిదాకా రాయితీ మీద తిరుపతి వెళ్లొచ్చిన మనిషికి ఇవాళ పూర్తి చార్జీ. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మరి గాలం వేసుకునే ముసలివాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవాలా? నా మాట ముందే చెప్పేస్తాను. తీసుకోవాలి, కానీ కొద్దిగా. వయసు చూసి పూర్తిగా వదిలేయడం సరికాదు. వదలాల్సింది లేనివాళ్లను. ఈ మాట మొదట కటువుగానే వినిపిస్తుంది. పన్నెండు డాలర్ల కోసం పెద్దాయన జేబు తడమాలా అని ఎవరైనా అడుగుతారు. అలా అడిగేవాళ్లలో చాలామందికి ఆ పన్నెండు డాలర్లు ఎక్కడికి పోతాయో తెలియదు.

అమెరికాలో చేపల లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. ఆ సొమ్ము మామూలు ఖజానాలో కలవదు. హేచరీల్లో చేపపిల్లల్ని పెంచి చెరువుల్లో వదలడం, పడవ దింపుకునే రేవులు కట్టడం, నీటి నాణ్యత చూడటం, గస్తీ తిరిగే సిబ్బంది జీతాలు, వీటికే వాడాలి. వేరే పనికి మళ్లిస్తే కేంద్రం ఇచ్చే వాటా ఆగిపోతుంది. ఆ కేంద్ర వాటా దగ్గరే అసలు కథ ఉంది.

1950లో డింగెల్-జాన్సన్ చట్టం అని ఒకటి వచ్చింది. గాలాలు, కర్రలు, రీళ్ల వంటి సరంజామా మీద తయారీదారుల నుంచి 10 శాతం పన్ను వసూలు చేసి, ఆ సొమ్మును చేపల సంరక్షణకు రాష్ట్రాలకు పంచుతారు. 1984లో వాలప్-బ్రో సవరణతో మోటారు పడవల ఇంధనం మీద పన్నూ దీనికి కలిసింది. ఇప్పుడు ఏటా 40 కోట్ల డాలర్ల చుట్టూ పంపకం జరుగుతుంది. పంచే సూత్రం ఇది: 40 శాతం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, 60 శాతం ఆ రాష్ట్రంలో డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ల సంఖ్యను బట్టి. ‘డబ్బు కట్టి’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఉచితంగా గాలం వేసేవాళ్లు ఎన్ని లక్షలమంది ఉన్నా ఈ లెక్కలోకి రారు. లైసెన్సు మీద ఏడాదికి కనీసం రెండు డాలర్లు నికరంగా మిగిలితేనే ఆ మనిషి లెక్కలో మనిషి.

ఉజ్జాయింపుగా వేసి చూద్దాం. నలభై కోట్లలో అరవై శాతం ఇరవై నాలుగు కోట్లు. దేశమంతటా డబ్బు కట్టిన లైసెన్సుదారులు మూడు కోట్లకు కాస్త అటూ ఇటూ. తలకు ఎనిమిది డాలర్ల దాకా వస్తుంది. కాబట్టి ఒక పెద్దాయనకు లైసెన్సు మాఫీ చేసిన రాష్ట్రం ఆయన కట్టాల్సిన పన్నెండుతో పాటు కేంద్రం నుంచి రావాల్సిన ఎనిమిదీ పోగొట్టుకుంటుంది. అక్కడితోనూ అయిపోలేదు. కేంద్రం ఒక పనికి నూటికి డెబ్బై అయిదు దాకా భరిస్తే మిగతా పాతిక రాష్ట్రం పెట్టుకోవాలి. ఆ పాతిక సాధారణంగా వచ్చేదీ లైసెన్సు సొమ్ములోంచే. ఒక్క మాఫీతో మూడు చోట్ల చిల్లు.

ఇక మాఫీ ప్రకటించే శాసనసభ్యుడి సంగతి. ఎన్నికల ముందు ‘మన పెద్దలకు చేపల లైసెన్సు ఉచితం’ అనడం కంటే చవకైన హామీ ఉండదు. ఖజానాలోంచి పైసా కదలదు. బరువంతా చేపల శాఖ మీద, చివరికి మిగతా గాలగాళ్ల మీద పడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. పెద్దలను గౌరవించాలనుకుంటే ఆ గౌరవం ఖర్చు సాధారణ బడ్జెట్‌లో చూపించాలి కదా?

అయితే ఈ లెక్క అన్ని రాష్ట్రాలకూ ఒకేలా వర్తించదు, అక్కడే విషయం రసకందాయంలో పడుతుంది. ఏ రాష్ట్రానికైనా మొత్తం పంపకంలో కనీసం ఒక శాతం ఖాయం, అయిదు శాతానికి మించి రాదు. అలాస్కా విస్తీర్ణం పుణ్యమా అని ఎప్పుడూ ఆ అయిదు శాతం పైకప్పును తాకుతూనే ఉంటుంది. అక్కడ అరవై నిండిన స్థానికులందరికీ శాశ్వత కార్డు ఉచితంగా ఇస్తారు. ఉదారమే, కానీ కేంద్ర వాటా పరంగా ఆ ఉదారతకు అలాస్కా చెల్లించే మూల్యం సున్నా. లక్షమంది కొత్తగా డబ్బు కట్టినా దాని వాటా పెరగదు. విచిత్రం ఏమిటంటే టెక్సస్ కూడా ఆ కప్పును తాకే ఉంది. అయినా అది పెద్దల దగ్గర వసూలు చేస్తోంది, ఎందుకంటే దానికి కావాల్సింది నేరుగా ఆ పన్నెండు డాలర్లు. ఒకే కప్పు కింద రెండు రాష్ట్రాలు రెండు దారులు ఎంచుకున్నాయి.

అయిదు శాతం కప్పుకీ ఒక శాతం నేలకీ మధ్య ఉన్న రాష్ట్రాలకే అసలు నొప్పి. కాన్సస్ అలాంటిది. అక్కడ 2012 దాకా 65 నిండితే లైసెన్సు అక్కర్లేదు. 2013 జనవరి నుంచి 65–74 ఏళ్లవాళ్లు సగం ధర కట్టాలన్నారు, 75 నిండితే మళ్లీ ఉచితం. టెక్సస్‌లా పుట్టినతేదీ గీత గీయలేదు. నిన్న ఉచితంగా పట్టిన 68 ఏళ్ల మనిషి ఇవాళ కట్టాలి. కొంచెం మన రైల్వే ధోరణే, కాకపోతే సగం దగ్గర ఆగారు. కారణం వయసు పటంలో కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1946 నుంచి 1964 వరకు పుట్టిన పెద్ద తరం 2011 నుంచి వరసగా 65లోకి అడుగుపెడుతోంది. 2030 నాటికి వాళ్లంతా అటు చేరిపోతారు. గాలం వేసేవాళ్లలో పెద్ద గుంపు ఒకేసారి ఉచితం గుమ్మం దాటుతుంటే ఏ శాఖ కళ్లు మూసుకుని కూర్చుంటుంది?

పెద్దల వైపు వాదనలనూ తేలిగ్గా తీసేయలేం. ‘యాభై ఏళ్లు కట్టాం, ఇక చాలదా?’ అనేది అందులో మొదటిది. వినగానే న్యాయమనిపిస్తుంది. కానీ 1975లో కట్టిన డబ్బు 1975 చేపలకే ఖర్చయింది, ఆ చేపల్ని పట్టుకుని తిన్నదీ ఆనాడే. ఈ చలికాలం ఊరి చెరువులో వదిలే రెయిన్‌బో ట్రౌట్ ఈ ఏటి సొమ్ముతో పెరిగింది. ఈ లైసెన్సు పింఛను నిధిలా జమయ్యేది కాదు, ఏటికేడు కట్టే నీటి తీరువా లాంటిది. పైగా మంగళవారం మధ్యాహ్నం ఏ చెరువు గట్టుకైనా వెళ్లి చూడండి. మడత కుర్చీ వేసుకుని, బెండు కదలిక మీద చూపు నిలిపి కూర్చున్నది ఎవరు? ఉద్యోగం చేసే నలభై ఏళ్లవాడు నెలకో ఆదివారం వస్తే గొప్ప. రేవును, గట్టును, చేపను ఎక్కువగా వాడుకునేది తీరిక ఉన్నవాళ్లే.

ఆరోగ్యం గురించి చెప్పే వాదన నాకు ఇంకా నచ్చుతుంది. ఒంటరి ముసలితనంలో నీటి పక్కన రెండు గంటలు గడపడం మందు లాంటిదే. కానీ మూడువందల డాలర్ల రీలు కొన్నవాణ్ని పన్నెండు డాలర్ల లైసెన్సు గట్టుకు రానివ్వదంటే నమ్మలేను. ఆ పన్నెండు నిజంగా అడ్డుపడేది ఇంకొకరికి. వానపామును ఎరగా గుచ్చి, పట్టిన క్యాట్‌ఫిష్‌ను ఆ రాత్రికి కూర వండుకునేవాళ్లకు. వాళ్లకు ఉచితం ఉండాలి, అరవైలో ఉన్నా ముప్పైలో ఉన్నా.

ఈ తేడాను పట్టించుకున్న చోట్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో వృద్ధాప్య పింఛనుదారుల కార్డు ఉంటే చేపల ఫీజు లేదు, వట్టి సీనియర్స్ కార్డు ఉంటే మాత్రం కట్టాలి. ఆ పింఛను ఆస్తి, ఆదాయం చూసి ఇచ్చేది. సీనియర్స్ కార్డుకు సంపాదన అడ్డురాదు. పొరుగున విక్టోరియాలో అలా కాదు, సీనియర్స్ కార్డు ఉన్నా చాలు, డెబ్బై నిండినా చాలు. కాలిఫోర్నియా పెద్ద వయసు చూసి ఎవరికీ మాఫీ ఇవ్వదు. కానీ 65 దాటి, పేదలకిచ్చే ఎస్ఎస్ఐ భృతి మీద బతికేవాళ్లకు నామమాత్రపు ధరకే లైసెన్సు ఇస్తుంది. నా మాట ఈ కాలిఫోర్నియా, న్యూ సౌత్ వేల్స్‌ల వైపే. కెనడాలోని ఒంటారియోలో 65 నిండిన కెనడా నివాసికి ప్రభుత్వ గుర్తింపు కార్డే లైసెన్సు. అక్కడ అమెరికా తరహా తలల లెక్క లేదు కనుక ఆ మాఫీతో పోయేది ఒక్క ఫీజే. స్కాట్లండ్‌లోనైతే మొత్తం దేశానికి కలిపి గాలం లైసెన్సే లేదు, ఏ నీటికి ఆ నీటి హక్కుదారు దగ్గర అనుమతి కొనుక్కోవాలి.

ఫ్లోరిడాది మరో రకం తమాషా. 65 నిండిన నివాసులకు అక్కడ లైసెన్సు అక్కర్లేదు, వయసు రుజువు జేబులో ఉంటే చాలు. అయినా 64 నుంచి కొనుక్కోగల ‘సిల్వర్’ లైసెన్సు ఒకటి 13 డాలర్ల 50 సెంట్లకు అమ్ముతారు. అక్కర్లేనిదాన్ని అమ్మడమెందుకంటే, పైన చెప్పుకున్న తలల లెక్కే. విశ్రాంత జీవితానికి జనం తరలివెళ్లే రాష్ట్రంలో ఆ లెక్క ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. స్వచ్ఛందంగా కట్టే మంచి మనసు మీద ఒక శాఖ బడ్జెట్ ఆధారపడటం మాత్రం నాకు మింగుడుపడదు.

మన ఊళ్లలో ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారులకు వృద్ధాప్య పింఛను యాభైకే మొదలవుతుంది, మామూలుగా అయితే అరవైకి. వేట ఒంటిని అంత తొందరగా అరగదీస్తుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మన దగ్గర చేప పొట్టకూటి పని, అమెరికాలో కాలక్షేపం. అందుకే పిల్లల దగ్గరికి డాలస్ వచ్చిన మన నాన్నలకు చెరువులో గాలం వేయడానికి ఫీజంటే మొదట నవ్వొస్తుంది. ఆ తర్వాత ఆశ్చర్యం. ‘నాకు డెబ్బై, పెద్దల రాయితీ లేదా?’ అని అడుగుతారు. లేదు. రాయితీ రాష్ట్ర నివాసులకే. సందర్శక వీసా మీద వచ్చినాయన టెక్సస్ లెక్కలో పరరాష్ట్రీయుడు. మంచినీటి లైసెన్సు ఏడాదికి 58 డాలర్లు, ఒక్క రోజుకైతే 16. గ్రీన్‌కార్డు మీద వచ్చి ఆరునెలలుగా అక్కడే కాపురముంటే సంగతి వేరు, పౌరసత్వం అడగరు, నివాసమే చూస్తారు. వీసా మీద వచ్చిన నాన్నకు దారి మరొకటుంది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీంచి గానీ, కట్టిన వంతెన మీంచి గానీ గాలం వేస్తే ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. పార్కు ప్రవేశ రుసుము ఒకటి కడితే చాలు.

ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. వయసు అడగరు, వీసా అడగరు, పుట్టినతేదీ అడగరు. కొంత నీటిని అందరికీ తెరిచి ఉంచి, మిగతా నీటికి అందరి దగ్గరా ఎంతో కొంత తీసుకుంటే పెద్దలు, పేదలు, చుట్టపు చూపుగా వచ్చినవాళ్లు అందరికీ ఒక చోటు మిగులుతుంది. తీసుకునే ఆ కొంతను ప్రతి ఏడాదీ ఆన్‌లైన్‌లో పాస్‌వర్డ్ గుర్తుతెచ్చుకుని కట్టమనడం మాత్రం అన్యాయం. పెన్సిల్వేనియాలో 65 దాటినవాళ్లకు జీవితకాలపు లైసెన్సు ఒకేసారి గుండుగుత్తగా అమ్ముతారు. ఒకసారి కట్టాక కార్డు పర్సులో పడుంటుంది. పోతే మళ్లీ తీసుకోవచ్చు. అయితే 2015 నుంచి ఆ కార్డు కొన్నవాళ్లు ట్రౌట్ పట్టాలంటే దానికి వేరే అనుమతి కొనుక్కోవాలట. అంతకు ముందు కొన్నవాళ్లకు ఆ బాధ లేదు. అక్కడా మళ్లీ ఒక తేదీ గీత గీశారు.